వ్యక్తి శ్రద్ధ, సంఘ ధర్మం: 1956ను తిరిగి చూసినప్పుడు

భగవాన్ బుద్ధుని మహాపరినిర్వాణానికి 2500 సంవత్సరాలు నిండాయన్న లెక్కతో 1956లో దక్షిణాసియా అంతటా బుద్ధ జయంత్యుత్సవాలు జరిగాయి. పి.వి. బాపట్ సంపాదకత్వంలో రెండున్నర వేల ఏండ్ల బౌద్ధ చరిత్రను భారత ప్రభుత్వం గ్రంథరూపంలో వెలువరించింది. రంగూన్‌లో 1954లో ఆరంభమైన ఆరవ సంగీతి ఆ ఏటి వైశాఖ పూర్ణిమకు ముగిసింది. మన కృష్ణాతీరంలో నాగార్జునకొండ లోయ జలాశయగర్భంలో కలిసిపోకముందే అక్కడి విహారాల పునాదులను వెలికితీయాలని పురావస్తు శాఖవారు త్వరపడుతున్నారు. ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరు 10న. అంటే జయంతి సంవత్సరానికి కొద్దిరోజుల ముందే. ఒక చేత్తో ఉత్సవం, మరొక చేత్తో జలసమాధి! ఆధునిక రాజ్యాల వైఖరి ఇలాగే ఉంటుంది. దీనిపై ఇక్కడ ఎక్కువ చెప్పబోము.

మేము చెప్పదలచినది ఆ సంవత్సరంలోనే జరిగిన మరి రెండు ఘటనలను గురించి. జూన్ నెలలో సింహళ ద్వీపపు పార్లమెంటు సింహళాన్ని ఏకైక అధికార భాషగా శాసనం చేసింది. ఆ శాసనం వెనుక కాషాయాంబరధారుల ఉద్యమం ఉన్నది. అక్టోబరు 14న నాగపూరులో డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ లక్షలాది అనుచరులతో బౌద్ధ దీక్ష స్వీకరించారు. రెండు చోట్లా పలికినది బుద్ధుని పేరే, రెండు చోట్లా జనాన్ని కదిలించినది శ్రద్ధే. ఫలితాలు మాత్రం వేరు. ఎందువల్ల? ధార్మిక విశ్వాసం వ్యక్తికీ సంఘానికీ ఏమి చేస్తుందన్న ప్రశ్నకు సిద్ధాంత చర్చలకంటె ఈ ప్రశ్నే మంచి దారి చూపుతుందని మా అభిప్రాయం.

ముందుగా మాటను గురించి. మన ఇళ్ళలో తల్లి బిడ్డతో “శ్రద్ధగా చదువుకో నాయనా” అంటుంది. “పుస్తకాన్ని నమ్ము” అని ఆమె ఉద్దేశం కాదు. మనసు పెట్టమనీ, విడిచిపెట్టవద్దనీ ఆమె చెబుతున్నది. తెలుగువారి నోట ‘శ్రద్ధ’ నిలుపుకున్న ఈ అర్థం పాలి ‘సద్ధా’కు చాలా దగ్గరది. మజ్ఝిమ నికాయంలోని చంకీ సుత్తంలో భగవానుడు మూలం లేని శ్రద్ధను విమర్శిస్తాడు. ఒకరి వెనుక ఒకరు చేతులు పట్టుకొని నడిచే గుడ్డివారి వరుసతో దానిని పోలుస్తాడు. ముందున్నవాడికీ కనబడదు, నడుమనున్నవాడికీ కనబడదు, వెనుకనున్నవాడికీ కనబడదు. వీమంసక సుత్తంలో దీనికి భిన్నమైన శ్రద్ధ ఉన్నది. ఉపదేశకుని నడతను చూచి, విని, పరీక్షించి, కారణం ఉన్నదని తేల్చుకొన్న తరువాత కుదిరేది అది. అక్కడ పరీక్షకు నిలిచేవాడు సాక్షాత్తూ తథాగతుడే కావడం గమనించదగినది. ‘విశ్వాసం’, ‘భక్తి’ అన్న మాటలను మేము ఈ వ్యాసంలో తక్కువగా వాడడానికి ఇదే కారణం.

ఇట్టి శ్రద్ధ సామాన్యుల జీవితాలలో ఏ రూపం పొందిందో తెలుసుకొనడానికి మనకు శాసనాలను మించిన ఆధారం లేదు. అమరావతి మహాచైత్యానికి పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని సమర్పించిన దాత పేరు విధికుడు. వృత్తి చేత చర్మకారుడు. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడనని చెప్పుకొన్నాడు. తల్లి, భార్య, సోదరులు, కుమారుడు, కుమార్తెలు, అల్లుండ్రు, మనుమలు, జ్ఞాతిమిత్రులు, ఇందరినీ కలుపుకొని దానం చేశాడు. తోలుపని చేసేవాడి కుటుంబం మొత్తం ఒక పవిత్రస్థలంలో రాతి మీద నిలిచి ఉండడం ఈ దేశపు చరిత్రలో చిన్న సంగతి కాదు. సాంచీ దక్షిణ తోరణం మీద విదిశ నగరపు దంతపు పనివారు ఆ శిల్పం తమ పనేనని చెక్కించుకొన్నారు. ఆ కాలంలో శ్రద్ధ మనిషికి మొదట ఇచ్చినది తన పేరును తానే చెప్పుకొనే చోటు.

అయితే ఇక్కడ చరిత్రకారునికి జాగ్రత్త అవసరం. విధికుని శాసనాన్ని చూపి, ఆనాడు కులం లేదనీ, బౌద్ధం దానిని తుడిచివేసిందనీ మన సభలలో కొందరు వక్తలు చెబుతుంటారు. శాసనం అంత చెప్పడం లేదు. ‘చమ్మకార’ అన్న వృత్తినామం దాత పేరును అంటిపెట్టుకొనే ఉన్నది. చైత్యం దగ్గర ఆ వృత్తి అవమానం కాలేదన్నంతవరకే శాసనం సాక్ష్యం. చైత్య ప్రాకారం దాటి ఊరిలోకి వెళ్ళాక విధికుని ఎవరు ఎలా పిలిచారో ఆ రాయి చెప్పదు. చెప్పని దానిని మనం చెప్పించరాదు.

నాగార్జునకొండ శాసనాలు మరొక విషయం తెలుపుతాయి. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధాది క్రతువులు చేసినవాడు, మహాసేనుని ఆరాధకుడు. ఆయన సోదరి చాంతిసిరి మాత్రం అక్కడి మహాచైత్యానికి ముఖ్యదాత్రి. రాజకుటుంబానికి చెందని బోధిసిరి అనే ఉపాసిక సింహళం నుండి వచ్చిన థేరవాద ఆచార్యుల కోసం చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. ఒకే గడపలో అన్న యజ్ఞం చేస్తుండగా చెల్లెలు స్తూపానికి స్తంభాలు నిలబెట్టింది. ఆ ఇంటి ఆడవారి శ్రద్ధకు మగవారి మతం అడ్డు కాలేదు. తండ్రి ఏ దేవునికి మొక్కితే కూతురూ ఆ దేవునికే మొక్కాలన్న నియమం మన నేలకు సహజం కాదనడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి?

అశోకుని విషయంలో ఈ గీత ఇంకా స్పష్టం. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి, రాజుల మందగిరి శిలల మీద కూడ ఉన్న లఘు శిలాశాసనంలో ఆయన తన అనుభవాన్ని చెప్పుకొన్నాడు. రెండున్నర సంవత్సరాలకు పైగా ఉపాసకునిగా ఉన్నా తొలుత గట్టి పూనిక చూపలేదనీ, సంఘాన్ని సమీపించిన తరువాతనే పూనిక కలిగిందనీ, ఈ ఫలం గొప్పవారికే కాక అల్పులకు కూడ సాధ్యమనీ చెప్పాడు. బైరాట్ శాసనంలో బుద్ధ ధర్మ సంఘాల పట్ల తన శ్రద్ధను భిక్షుసంఘానికి సూటిగా నివేదించాడు. కాని పన్నెండవ శిలాశాసనంలో ప్రజలందరినీ ఉద్దేశించి మాట్లాడినప్పుడు, తన మతాన్ని పొగడి పరమతాన్ని నిందించవద్దన్నాడు. అలా చేసేవాడు తన మతానికే హాని చేస్తాడన్నాడు. ఉపాసకునిగా ఒక గొంతు, పాలకునిగా మరొక గొంతు. ఇది కపటం కాదు, వివేకం. శ్రద్ధ తనది, రాజ్యం అందరిది.

ఇక ఆధునిక కాలానికి వద్దాం. 1891లో అనగారిక ధర్మపాలుడు బుద్ధగయ స్థితిని చూచి మహాబోధి సంఘాన్ని స్థాపించాడు. 1898లో మద్రాసులో పండిత అయోతిదాసు సింహళం వెళ్ళి పంచశీల స్వీకరించి వచ్చి శాక్య బౌద్ధ సంఘాన్ని నెలకొల్పాడు. ధర్మపాలునికి పుణ్యక్షేత్రాల ఉద్ధరణ ప్రధానం. అయోతిదాసుకు ‘పరయ’ అని పిలువబడుతున్న జనానికి పూర్వగౌరవాన్ని చూపడం ప్రధానం. ఆయన శాఖలు కోలారు బంగారు గనుల కార్మికులలో, బెంగళూరులో, సముద్రం దాటి రంగూన్‌లో కూడ వెలిశాయి. గనిలోకి దిగి పనిచేసే మనిషి ఆదివారం విహారంలో కూర్చొని పత్రిక చదివించుకొని వినడం ఎటువంటి మార్పో, మన గ్రామాల్లో మొదటి తరం చదువరులుగా పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ కాలపు మద్రాసులోనే విజ్ఞానశాస్త్రం బోధించిన తెలుగువాడు పోకల లక్ష్మీనరసు 1907లో బౌద్ధసారాన్ని హేతుబద్ధంగా వివరించే ఆంగ్ల గ్రంథం రచించాడు. నాలుగు దశాబ్దాల తరువాత, 1948లో, ఆ గ్రంథం మూడవ ముద్రణకు పీఠిక వ్రాసినది అంబేడ్కర్. నాగపూరుకు వెళ్ళిన దారి ఒకటి మద్రాసు మీదుగా, ఒక తెలుగువాని పుస్తకం మీదుగా సాగిందన్న సంగతి మనవారిలో చాలామందికి తెలియకపోవడం విచారకరం.

నాగపూరు దీక్ష ఆవేశంలో జరిగినది కాదు. హిందువుగా పుట్టినా హిందువుగా మరణించనని బాబాసాహెబ్ యేవలాలో ప్రకటించినది 1935 అక్టోబరు 13న. దీక్ష స్వీకరించినది 1956 అక్టోబరు 14న. నడుమ ఇరవైయొక్క సంవత్సరాలు. ఆయన బుద్ధుని గురించి మొదట చదివినది అంతకంటె ముందు, 1907లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడైనప్పుడు కేలూస్కర్ గురువు తాను వ్రాసిన మరాఠీ బుద్ధచరిత్రను బహుమానంగా ఇచ్చినప్పుడు. అంటే పరిచయానికీ శరణాగమనానికీ మధ్య దాదాపు ఏబది ఏండ్ల పరీక్ష ఉన్నది. వీమంసక సుత్తం కోరిన శ్రద్ధ ఏదని ఎవరైనా అడిగితే మేము చూపేది ఈ ఏబది ఏండ్లనే.

ఆ దినం కుశీనగరపు వృద్ధ భిక్షువు చంద్రమణి మహాస్థవిరులు ఆయనకు త్రిశరణ పంచశీలాలను ఇచ్చారు. పిమ్మట బాబాసాహెబ్ తానే జనసమూహం చేత త్రిశరణాలను, తాను రూపొందించిన ఇరవైరెండు ప్రతిజ్ఞలను పలికించారు. గృహస్థు వేదిక మీద నిలిచి ఇంతమందికి దీక్ష ఇవ్వడం సంప్రదాయజ్ఞులకు కొత్తగా తోచింది. తరువాత ఏబదిమూడు దినాలకే, డిసెంబరు 6న, ఆయన పరినిర్వాణం చెందారు. మరునాడు ముంబయి దాదర్ సముద్రతీరంలో చితి ముందు భదంత ఆనంద కౌసల్యాయన్ చేతుల మీదుగా మరింత మంది దీక్ష తీసుకొన్నారు. నాయకుడు లేడు, అయినా దీక్షలు ఆగలేదు. 1951 జనగణనలో మహారాష్ట్ర ప్రాంతపు బౌద్ధులు రెండున్నర వేలు. 1961లో ఇరవైయేడు లక్షలకు పైగా.

ఇది శ్రద్ధ కాదు, రాజకీయం అన్నవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. ఈ ఆక్షేపణ మన ప్రాంతానికి కొత్త కాదు. 1878 జూలైలో ఒంగోలు దగ్గర వెలంపల్లిలో ఒక్కరోజున 2222 మంది, ప్రధానంగా మాదిగలు, బాప్తిస్మం పొందినప్పుడు కూడ తిండి కోసం మతం మారారన్నారు. కరువు సహాయపు పనులు సాగినంతకాలం మిషనరీ క్లౌ బాప్తిస్మాలను నిలిపివేశాడన్న సంగతి ఆక్షేపించేవారి చెవికి ఎక్కలేదు. ధనికుడు గుడి కట్టిస్తే అది భక్తి. పేదవాడు దేవుణ్ణి మార్చుకొంటే అది ఆశ! మనుషుల అంతరంగాన్ని కొలిచే త్రాసు కులానికొకటి ఎలా ఉంటుందో మేము ఎరుగము.

నాగపూరు విషయంలో ఆ త్రాసు మరింత అన్యాయమైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూమతం కాక వేరు మతం అవలంబించినవారు షెడ్యూల్డు కులాలవారుగా పరిగణింపబడరు. 1956లో సిక్కులకు మినహాయింపు లభించింది, బౌద్ధులకు లభించలేదు. ఆ మినహాయింపు బౌద్ధులకు వచ్చినది 1990లో. మహారాష్ట్ర వంటి చోట రాష్ట్ర ప్రభుత్వం తన పరిధిలో కొంత ఊరట ఇచ్చిన మాట నిజమే. అయినా కేంద్రపు ఉద్యోగం, పార్లమెంటు స్థానం వంటి వాటిలో ముప్పదినాలుగేండ్లపాటు బౌద్ధుడనని కాగితం మీద వ్రాయడం అంటే తన బిడ్డ నోటి దగ్గరి ముద్దను వదులుకోవడమే. ఆ ముద్దను సంపాదించి పెట్టినవాడు అంబేడ్కరే. దానిని వదులుకొని రమ్మన్నట్లు అయినదీ ఆయన వెంటనే. అయినా లక్షలమంది వ్రాశారు. లాభం కోసం మతం మారారన్న మాట ఈ ఒక్క లెక్క ముందు నిలువదు.

వ్యక్తుల జీవితాలలో మార్పు ఎలా వచ్చింది? పెద్ద మాటలలో కాదు, ఇంటి పనులలో. దేవుని గూటి నుండి పాత విగ్రహాలు పోయాయి. చచ్చిన పశువును మోసుకొని వెళ్ళే పనిని మానుకొనడం 1927 మహాడ్ సత్యాగ్రహం నాటినుండే ఆరంభమై, దీక్షతో స్థిరపడింది. మద్యపానం విడవాలన్నది ప్రతిజ్ఞలలోనే ఉన్నది. బిడ్డకు పెట్టే పేరు మారింది, పెండ్లి తంతు మారింది. ఇవన్నీ ఇంటి లోపలి సంగతులే, కాని ఊరు వీటిని సహించలేకపోయింది. తరాల నుండి చాకిరీ చేసిన చేతులు ఒకనాటి ఉదయం ఆ పనిని నిరాకరిస్తే అది ఒక్కరి విశ్వాసపు వ్యవహారం కాజాలదు. మతం వ్యక్తిగతమనీ, ధమ్మం సామాజికమనీ, ఇద్దరు మనుషులు కలిసి బ్రతకవలసి వచ్చిన చోటే ధమ్మం అవసరమవుతుందనీ బాబాసాహెబ్ తన చివరి గ్రంథంలో చేసిన విభజనను ఈ అనుభవం వెలుగులోనే చదవాలి.

ఇప్పుడు సింహళం వైపు చూద్దాం. మనకు బోధిసిరి కాలం నుండి బంధుత్వమున్న దేశం. అయోతిదాసుకు పంచశీల ఇచ్చిన దేశం. 1950లో కాండీలో జరిగిన ప్రపంచ బౌద్ధ సమ్మేళనానికి బాబాసాహెబ్ వెళ్ళిన దేశం. అక్కడి బౌద్ధుల ఆవేదన అబద్ధం కాదు. వలస పాలనలో పాఠశాలలు ఎక్కువగా క్రైస్తవ మిషనరీల అధీనంలో ఉండేవి. ఆంగ్లం వచ్చిన కొద్దిమందికే కొలువులు దక్కేవి. 1956 ఫిబ్రవరిలో బౌద్ధ విచారణ సంఘం వెలువరించిన నివేదిక ఈ అన్యాయాలను వివరంగా లెక్కించింది. జయంతి ఉత్సాహం, ఎన్నికల వేడి ఒకే వేళకు వచ్చాయి. భిక్షువులు ఊరూరా తిరిగి బండారనాయకే పక్షాన ప్రచారం చేశారు. ఏప్రిల్‌లో ఆయన గెలిచాడు. జూన్‌లో భాషా శాసనం వచ్చింది. దానిని నిరసిస్తూ కొలంబోలో సత్యాగ్రహానికి కూర్చున్న తమిళ నాయకులను మూకలు కొట్టాయి. మరుసటి ఏడు తమిళ నాయకుడు చెల్వనాయకంతో బండారనాయకే చేసుకొన్న ఒడంబడికను, భిక్షువులు ఆయన ఇంటి ముందు బైఠాయించగా, 1958లో ఆయనే రద్దు చేయవలసి వచ్చింది. ఆ ఏడే పెద్ద అల్లర్లు జరిగాయి. 1959 సెప్టెంబరులో ఆయనను తుపాకితో కాల్చినవాడు ఒక భిక్షువు.

ఈ చరిత్రను మన సభలలో చెప్పడానికి చాలామంది ఇష్టపడరు. బుద్ధుని దేశాలలో హింస లేదని చెప్పుకొనడం మనకు అలవాటు. కాని దాచి ప్రయోజనం లేదు. ఇంకొక సంగతి కూడ చెప్పాలి. 1753లో సయాం నుండి ఉపసంపదను పునరుద్ధరించుకొన్న సింహళ సంఘం కొద్దికాలంలోనే దానిని గొవిగమ కులానికి పరిమితం చేసింది. ఇతర కులాలవారు బర్మాకు వెళ్ళి ఉపసంపద తెచ్చుకొనవలసివచ్చి, 1803లో అమరపుర నికాయం ఏర్పడింది. శాక్య రాజకుమారుల అహంకారం అణగాలని మంగలి ఉపాలికి ముందుగా ప్రవ్రజ్య ఇచ్చిన శాస్త పేరిటనే ఇది జరిగింది!

రెండు ఘటనల మధ్య భేదం ఎక్కడున్నదో వాటి భాషను చూస్తేనే తెలుస్తుంది. నాగపూరు ప్రతిజ్ఞలు ఇరవైరెండింటిలో కర్త ‘నేను’. నేను పూజించను, నేను అబద్ధమాడను, నేను సమానత్వానికి పాటుపడతాను. ఆ ప్రతిజ్ఞలు కట్టివేసేది పలికినవాడినే. కొలంబో శాసనానికి కర్త రాజ్యం. అది కట్టివేసినది దానిని కోరనివారిని. ఒకచోట శ్రద్ధ తన నడతను మార్చుకొన్నది, మరొకచోట పొరుగువాని నోటిని శాసించబోయింది. పన్నెండవ శిలాశాసనంలో అశోకుడు గీచిన గీతకు కొలంబో అవతల ఉన్నది.

అయితే ఈ పోలికతో మనం సంతృప్తిపడి కూర్చొనరాదు. నాగపూరులో మన చేతిలో అధికారం లేదు. అధికారం లేనివాడు ఇతరులను శాసించలేదని పొగడడంలో అర్థం తక్కువ. మనల్ని పరీక్షించదగినది వేరే చోటున్నది. దీక్ష తీసుకొన్నవారిలో అత్యధికులు ఒకే కులంవారు కావడం వల్ల, మహారాష్ట్రలో ‘బౌద్ధుడు’ అన్న మాటే ఆ కులానికి మారుపేరుగా చలామణి అవుతున్నది. మన తెలుగునాట కూడ ధమ్మసభలో పక్కపక్కనే కూర్చొని బుద్ధం శరణం పలికిన మాల, మాదిగ కుటుంబాలు పెండ్లి మాట వచ్చేసరికి ఎవరి వాడకు వారు వెళుతున్నారు. ‘బౌద్ధ సంబంధం కావాలి’ అన్న ప్రకటన చివర ఉపకులం చేరుతున్నది. సయాం నికాయాన్ని విమర్శించే హక్కు మనకు ఈ సంబంధాల దగ్గర నిర్ణయమవుతుంది; సభావేదికల మీద కాదు.

మరొక చిక్కు కాగితానికి సంబంధించినది. 2011 జనగణన ప్రకారం దేశంలో బౌద్ధులు సుమారు 84 లక్షలు. అందులో 65 లక్షలమంది మహారాష్ట్రలోనే ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నలుబది వేలమంది కూడ లేరు. మన విహారాలకు, జయంతి ఊరేగింపులకు వచ్చే జనాన్ని చూసినవారు ఈ సంఖ్యను నమ్మరు. వచ్చేవారిలో ఎక్కువమంది జనగణన ఉద్యోగి అడిగినప్పుడు పాత మతమే చెబుతున్నారు. కారణం అడిగితే, బిడ్డ కులధ్రువీకరణ పత్రం పోతుందేమోనన్న భయం. 1956 నుండి 1990 వరకు ఆ భయానికి ఆధారముండేది. ఆనాటివారు ఆ నష్టాన్ని ఎరిగే బౌద్ధులమని వ్రాశారు. 1990 సవరణ తరువాత హిందూ, సిక్కు, బౌద్ధ మతాలలో దేనిని అవలంబించినా షెడ్యూల్డు కుల హోదా పోదు. ఈ సవరణ పాఠాన్ని తెలుగులో అచ్చువేయించి ప్రతి విహారంలోనూ అందరి కంటబడేలా గోడకు తగిలించడం, రాబోయే జనగణన లోపల ఇంటింటికీ వెళ్ళి దానిని చదివి వినిపించడం మన సంఘం వెంటనే చేపట్టదగిన పని.